ఆత్మకూరును ఇంగ్లీషులో ఎలా రాయాలి?



ఈ మధ్య నాలుగో తరగతి పిల్లల చేత ‘మై విలేజ్’ అనే వ్యాసం రాయించాం. వనపర్తి జిల్లా ఆత్మకూరులో అమ్మమ్మ, తాతయ్య ఉన్న ఒక బాబు తన వ్యాసం లేచి చదివాడు. మొదటి వాక్యమే ‘మై విలేజ్ ఈజ్ సోల్ కర్రీ’. క్లాసంతా గొల్లుమంది. బాబు మొహం చిన్నబోయింది. “ఫోన్‌లో అట్లనే వచ్చింది మేడమ్” అన్నాడు. ఆత్మ అంటే సోల్, కూర అంటే కర్రీ. ఫోను తనకు తెలిసిన పని తను చేసింది. బాబు కూడా తప్పు చేద్దామని చేయలేదు. ఇంగ్లీషులో రాయమన్నారు కాబట్టి ఊరి పేరును కూడా ఇంగ్లీషు చేశాడు.

నవ్వు ఆగాక ఆలోచిస్తే, ఆ బాబు అడగాల్సిన ప్రశ్ననే అడిగాడనిపించింది. ఊరి పేరుకు అర్థం ఉన్నప్పుడు ఇంగ్లీషులో ఆ అర్థం ఎందుకు రాయకూడదు? రాయకూడదంటే మరి ఏం రాయాలి? ఈ నెల పాఠం దాని గురించే. ఇది పిల్లలకంటే ముందు మీరు చదవాల్సిన పాఠం. ఎందుకంటే ఊరి పేరు వ్యాసంలో తప్పు పోతే ఒక మార్కు పోతుంది, జనన ధ్రువపత్రంలో తప్పు పోతే ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

అర్థం వేరు, పేరు వేరు

మన ఆత్మకూరు పక్కనే కొత్తకోట ఉంది. ఆ పేరు అర్థం కాని తెలుగువాళ్లు ఉండరు. అయినా ఇంగ్లీషులో ‘న్యూ ఫోర్ట్’ అని ఏ బస్సు బోర్డు మీదా కనిపించదు, కొత్తకోట అనే ఉంటుంది. అమరచింతలో చింత చెట్టు వినిపిస్తుంది కదా అని ‘టామరిండ్’ అని రాయం. ఊరి పేరు విశేష నామం, అంటే ప్రాపర్ నౌన్. దాని పని ఆ ఒక్క ఊరిని గుర్తుపట్టించడం, అర్థం చెప్పడం కాదు. అందుకే భాష మారినప్పుడు దాని అర్థాన్ని మార్చం, ధ్వనిని మాత్రం కొత్త లిపిలోకి దించుతాం. ఢిల్లీ ఎర్రకోట ‘రెడ్ ఫోర్ట్’ అయింది కదా అని మీ అమ్మాయి అడగవచ్చు. నిజమే, కొన్ని కట్టడాలకు అలా రెండో పేరు స్థిరపడింది. కానీ మన చార్మినార్‌కు ‘ఫోర్ మినారెట్స్’ అనే పేరు రాలేదు. ఊళ్ల విషయంలో ఆ మినహాయింపు దాదాపు లేదనే చెప్పండి.

ఊరి పేరు ఇంగ్లీషులోకి వెళ్లి అక్కడ కొత్త అర్థం సంపాదించుకోవడం మాత్రం ఉంది. దానికి మన తెలుగు నేలలోనే గొప్ప ఉదాహరణ గోల్కొండ. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాలు గోల్కొండలో అమ్ముడుపోయేవి. ఆ ఖ్యాతి ఎంత దూరం పోయిందంటే, ఇంగ్లీషు నిఘంటువుల్లో ‘గోల్కొండ’ అనే మాటకు ‘అంతులేని సంపదనిచ్చే చోటు’ అనే అర్థం చేరింది. ఆ అర్థంలో వాడినప్పుడు మొదటి అక్షరాన్ని చిన్న అక్షరంతో రాసినా తప్పు కాదు. కోటను గురించి రాస్తే మాత్రం క్యాపిటల్ జి ఉండాల్సిందే. విశేష నామానికి, సామాన్య నామానికి తేడా చెప్పడానికి ఇంతకంటే మంచి జత నాకు దొరకలేదు.

ఇక ఆత్మకూరు. చివరన వినిపించే ‘ఊరు’ మనకు బాగా తెలిసినదే. నెల్లూరు, గుంటూరు, ఏలూరు, చిత్తూరు అన్నిటిలోనూ ఉంది, కన్నడ, తమిళ దేశాల్లోనూ ఉంది. మొదట ఉన్న ‘ఆత్మ’ గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏదైనా కథ చెబితే తప్పకుండా పిల్లల చేత రాయించండి. అయితే ఆ వాక్యాన్ని ‘పీపుల్ సే దట్’ అనో, ‘ఇట్ ఈజ్ సెడ్ దట్’ అనో మొదలుపెట్టించండి. విన్న కథను విన్న కథగా చెప్పడానికి ఇంగ్లీషులో ఉన్న మర్యాద అది. నాలుగో తరగతిలో అది అలవాటైతే పై తరగతుల్లో ప్రాజెక్టు రిపోర్టులు రాసేటప్పుడు చాలా పనికొస్తుంది.

చివరి ‘ఉ’ ఎక్కడికి పోయింది?

తెలుగులో ఆత్మకూరు. ఇంగ్లీషులో ఏ, టి, ఎం, ఏ, కె, యు, ఆర్. ఏడు అక్షరాలు, చివర యు లేదు. పిల్లలు దీన్ని పట్టుకుంటారు: “గుంటూరుకూ లేదు, మరి ఏలూరుకు ఎందుకుంది?”

అడగాల్సిన ప్రశ్నే. ఒక్క ‘ఊరు’ ఇంగ్లీషులో నాలుగు రూపాల్లో కనిపిస్తుంది. నెల్లూరు చివర ఓ, ఆర్, ఇ. చిత్తూరు చివర రెండు ఓలు, ఆర్. గుంటూరు చివర యు, ఆర్. ఏలూరు చివర యు, ఆర్, యు. బ్రిటిష్ ఉద్యోగులు మొదట్లో చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నారు. ఏలూరును కూడా వాళ్లు ఒకప్పుడు ‘ఎల్లోర్’ అనే రాశారు. ఈ గందరగోళం చూసి విలియం విల్సన్ హంటర్ అనే అధికారి 1871లో భారతదేశపు పేర్లను ఇంగ్లీషులో రాయడానికి ఒక పద్ధతి పుస్తకం తెచ్చాడు. దాని ప్రకారం ‘ఉ’కు యు అక్షరం, ‘ఊ’కు అదే యు, దాని మీద దీర్ఘాన్ని చూపే గుర్తు. పద్ధతి మంచిదే. కానీ రోజువారీ రాతలో, టైపు మిషన్లలో పైనున్న గుర్తులు రాలిపోయాయి. అక్షరాలు మాత్రం మిగిలాయి. మన ఆత్మకూరు స్పెల్లింగు ఆ దారిలోనిదే. మన పక్కనున్న నాగర్‌కర్నూల్ మాత్రం రెండు ఓలతో పాత దారిలోనే ఉండిపోయింది. ఒకే ఉమ్మడి జిల్లాలోని రెండు ఊళ్లు, ఒకే ‘ఊ’, రెండు స్పెల్లింగులు!

మన ప్రాంతానికి ఇంకో కారణం కూడా ఉంది. అమరచింత సంస్థానానికి ఆత్మకూరు రాజధాని. అందుకే దాన్ని ఆత్మకూరు సంస్థానం అని కూడా అనేవారు. అది నిజాం రాజ్యంలోది. నిజాం కచేరీల్లో మొదట పారశీకం, 19వ శతాబ్దం చివరి నుంచి ఉర్దూ నడిచాయి. ఆ భాషల్లో పేరు చివరి ‘ఉ’ నిలవదు, ‘ఆత్మకూర్’ అవుతుంది. ఇప్పటికీ మన దగ్గర మాటల్లో “ఆత్మకూర్ పోతున్న” అనే అంటారు, తెలుగు బోర్డుల మీద రెండు రూపాలూ కనిపిస్తాయి. అందువల్ల ఇంగ్లీషులో చివరి యు లేకపోవడాన్ని ఎవరో చేసిన పొరపాటు అనుకోనక్కర్లేదు.

మార్చుకోవాలంటే మార్చుకోవచ్చు కూడా. కర్ణాటక ప్రభుత్వం 2014 నవంబర్ 1న బెంగళూరు, మైసూరుతో పాటు 12 నగరాల ఇంగ్లీషు పేర్లను కన్నడ పలుకుబడికి దగ్గరగా మార్చింది. అందులో తుమకూరు ఒకటి. అంతకుముందు దానికీ చివర యు లేదు, మధ్యలో ఏ కూడా లేదు. ఇప్పుడు రెండూ వచ్చాయి. అయితే అది కేంద్రం అనుమతితో రాష్ట్ర ప్రభుత్వం చేయాల్సిన పని. అడ్మిషన్ ఫారంలో మనం చేయకూడదు. ఫారం నింపేటప్పుడు కొందరు చివర యు పెడతారు, కొందరు టి పక్కన హెచ్ పెడతారు, కొందరు మొదట రెండు ఏలు పెడతారు. ఒక్కో కాగితంలో ఒక్కో రకం. చదివే మనిషికి ఇవన్నీ ఒకే ఊరని తెలుస్తుంది. కంప్యూటర్‌కు మాత్రం ఇవి నాలుగు వేరు వేరు ఊళ్లు.

హెచ్ గురించి ఒక మాట. దక్షిణాదిలో ‘త’ను టి, హెచ్ అని రాసే అలవాటుంది. మన జిల్లా పేరు వనపర్తి చివర అలాగే రాస్తారు. ఉత్తరాది వాళ్లు టి, హెచ్ చూస్తే ‘థ’ అని చదువుతారు. హెచ్ లేకపోతే ఇంగ్లీషు వాళ్లు ‘ట’ అని చదువుతారు. ఎటు చూసినా కొంత నష్టమే. జిల్లా పేరులో హెచ్ ఉంది, మండలం పేరులో లేదు. తర్కం వెతక్కండి. ప్రభుత్వ పత్రాల్లో సాధారణంగా కనిపించే రూపాన్ని అలాగే రాయించండి.

ఫారంలో మూడు గళ్లు

పుట్టిన ఊరు, సొంత ఊరు, శాశ్వత చిరునామా. ఈ మూడింటికీ మనం అలవాటుగా ఒకే పేరు రాసేస్తాం. ఇంగ్లీషులో ఇవి మూడు వేరు మాటలు: ప్లేస్ ఆఫ్ బర్త్, నేటివ్ ప్లేస్, పర్మనెంట్ అడ్రస్. మీ సొంత ఊరు ఆత్మకూరే కావచ్చు. కానీ కాన్పు మహబూబ్‌నగర్‌లోనో కర్నూలులోనో ఆస్పత్రిలో జరిగి ఉంటే, బిడ్డ పుట్టిన ఊరు ఆ ఆస్పత్రి ఉన్న ఊరే. జనన ధ్రువపత్రంలో అదే ఉంటుంది. పాస్‌పోర్టులో ‘ప్లేస్ ఆఫ్ బర్త్’ అన్న గడిలో మమకారం కొద్దీ ఆత్మకూరు అని రాస్తే రెండు పత్రాలూ పొసగవు.

ఇది ఇప్పుడు మరింత ముఖ్యం. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీన గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, పాస్‌పోర్టు లాంటి పనులన్నిటికీ పుట్టిన తేదీ, పుట్టిన ఊరు రుజువు చేసే పత్రం జనన ధ్రువపత్రమే. మీ ఇంట్లో ఆ వయసు చిన్నవాళ్లుంటే వాళ్ల పత్రం ఈ వారమే తీసి చూడండి. ఊరి పేరు అక్షరం అక్షరం చదవండి.

పెద్ద తరగతుల పిల్లలున్న వాళ్లకు ఇంకో చిక్కు. తెలంగాణ ఏర్పడింది 2014 జూన్ 2న. వనపర్తి జిల్లా ఏర్పడింది 2016 అక్టోబర్ 11న. మీ అబ్బాయి 2012లో ఆత్మకూరులో పుట్టి ఉంటే అప్పుడు వేసిన పత్రం మీద జిల్లా మహబూబ్‌నగర్, రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. అది తప్పు కాదు, అప్పటి నిజం. వ్యాసంలో అయితే ‘ఆత్మకూర్, దెన్ ఇన్ మహబూబ్‌నగర్ డిస్ట్రిక్ట్’ అని చక్కగా రాయవచ్చు. ‘దెన్’ అంటే ‘తర్వాత’ అని మాత్రమే తెలిసిన పిల్లలకు ‘అప్పట్లో’ అనే అర్థం ఇక్కడ నేర్పవచ్చు.

ఇంటిపేరు విషయంలోనూ కొందరు తల్లిదండ్రులు కంగారుపడుతుంటారు. ఊరు ఆత్మకూరు, ఇంటిపేరు ఆత్మకూరి. టెన్త్ నామినల్ రోల్స్ సరిచూసేటప్పుడు “చివర ఐ ఎందుకు, యు కదా ఉండాలి” అని దిద్దించబోతారు. దిద్దించకండి. తెలుగులో ‘ఊరు’ మరో మాటతో కలిసేటప్పుడు ‘ఊరి’ అవుతుంది: ఊరి చెరువు, ఊరి పెద్ద. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలు అని చెప్పినవి ఇవే. ఆత్మకూరు నుంచి వచ్చిన కుటుంబం కాబట్టి ఆత్మకూరి వారు. ఇంగ్లీషులో ఈ మార్పు లేదు. ‘ఆత్మకూర్ బస్టాండ్’, ‘ఆత్మకూర్ మార్కెట్’ అని పేరును కదలకుండా పక్కన పెడితే చాలు. అంటే ఊరి పేరు ఆర్‌తోనూ, ఇంటిపేరు ఐతోనూ ముగిసినా రెండూ సరైనవే. ఇంటిపేరు మాత్రం తండ్రి పత్రాల్లో, బిడ్డ పత్రాల్లో ఒకేలా ఉండాలి.

ఏ ఆత్మకూరు?

2022 జూన్ 23న ‘ఆత్మకూర్ బైపోల్’ అని ఇంగ్లీషు పత్రికల్లో వచ్చింది. అది మనది కాదు, నెల్లూరు జిల్లా ఆత్మకూరు. శ్రీశైలం అడవిలో పులుల గురించి వార్తలు వచ్చినప్పుడు ‘ఆత్మకూర్ ఫారెస్ట్ డివిజన్’ అని చదువుతాం. అదీ మనది కాదు, నంద్యాల జిల్లాది. 2022 ఏప్రిల్ వరకు అది కర్నూలు జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లాలో ఒక ఆత్మకూరు మండలం ఉంది. తెలంగాణలోనే మనది కాక హనుమకొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల్లో మూడు మండలాలున్నాయి. చివరి రెండూ ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉండడంతో ఒకదానికి బ్రాకెట్లో ఎస్, ఇంకోదానికి ఎం తగిలించి వేరు చేశారు. మొత్తం ఏడు మండలాలు, ఒక్క పేరు. మంగళగిరి దగ్గరి గ్రామం లాంటివి వీటికి అదనం.

ఇది కాగితం మీది చిక్కు మాత్రమే అనుకోకండి. కర్నూలు బస్టాండులో నిలబడి “ఆత్మకూరు బస్సు ఎక్కడ?” అని అడిగితే ఎవరైనా శ్రీశైలం దారిలో పోయే బస్సునే చూపిస్తారు. గద్వాల మీదుగా జూరాల దాటి ఇంటికి రావాల్సిన పిల్లవాడు నల్లమల అంచుకు చేరతాడు. హాస్టల్ నుంచి సెలవులకు ఒంటరిగా వచ్చే పెద్ద పిల్లలకు “ఏ ఊరు” అని అడిగితే జిల్లాతో సహా చెప్పడం నేర్పండి. ఇంగ్లీషులోనూ అంతే: ‘ఐ యామ్ ఫ్రమ్ ఆత్మకూర్ ఇన్ వనపర్తి డిస్ట్రిక్ట్’. ‘మై నేటివ్ ఈజ్ ఆత్మకూర్’ అనకూడదు. ‘నేటివ్’ ఒక్కటే వాడితే వాక్యం కుంటుతుంది. ‘మై నేటివ్ ప్లేస్’ మన దేశపు ఇంగ్లీషులో చెల్లుతుంది, బయటి దేశాల వాళ్లకు ‘హోమ్‌టౌన్’ త్వరగా అర్థమవుతుంది. ఆత్మకూరు 2018 నుంచి మున్సిపాలిటీ కాబట్టి ‘విలేజ్’ కంటే ‘టౌన్’ అన్న మాటే సరైనది. మా బాబు వ్యాసంలో ఆ తప్పు కూడా ఉంది, ఆ రోజు దిద్దలేదు. అప్పటికే చాలా దిద్దాం.

చిన్న మాటల్లో పోయే మార్కులు కొన్ని. ఊరి ముందు ‘ది’ పెట్టకూడదు, నది ముందు పెట్టాలి: ఆత్మకూర్, కానీ ‘ది కృష్ణా’. ‘ఆత్మకూరుకు చేరాను’లోని ‘కు’ను చూసి పిల్లలు ‘రీచ్డ్ టు ఆత్మకూర్’ అని రాస్తారు. ‘రీచ్’ పక్కన ‘టు’ రాదు. ‘వెంట్’ పక్కన వస్తుంది. ఆత్మకూరోళ్లు అని మనం సులువుగా అంటాం, ఇంగ్లీషులో హైదరాబాదీ, లండనర్ లాంటి మాట ఆత్మకూరుకు లేదు. ‘పీపుల్ ఆఫ్ ఆత్మకూర్’ అని రాయించండి.

పలకడం సంగతి మాత్రం ఇంట్లోనే జరగాలి. ఇంగ్లీషు స్పెల్లింగులో మొదటి ‘ఆ’ దీర్ఘమని గానీ, ‘త’ పలకాలని గానీ, ‘కూ’కు దీర్ఘం ఉందని గానీ తెలియదు. ఫోనులో దారి చెప్పే గొంతు ‘అట్మకర్’ అంటుంది. పట్నంలో పెరిగే మన పిల్లలు ఊరి పేరును మొదట ఆ గొంతు నుంచే వింటున్నారు. తెలుగు బోర్డు కనిపించినప్పుడు కారు కాస్త నెమ్మది చేసి చదివించండి. ఒక్కసారి చదివినా చాలు.

ఈ నెల ఇంటి పని

ఒక పోస్టుకార్డు కొనివ్వండి. ఊళ్లో ఉన్న అమ్మమ్మకో నానమ్మకో రెండు వాక్యాలు తెలుగులో రాయించి, చిరునామా మాత్రం ఇంగ్లీషులో రాయించండి. పేరు, ఇంటి నంబరు, వీధి, ఆత్మకూరు, వనపర్తి జిల్లా, తెలంగాణ, చివర ఆరంకెల పిన్‌కోడ్. ఈ కోడ్ 1972 ఆగస్టు 15 నుంచి ఉంది. ఒకే పేరున్న ఊళ్లు కలగాపులగం కాకుండా చూడడం దీని పనుల్లో ఒకటి. మన ఉమ్మడి పాలమూరు ఊళ్లకు మొదటి మూడంకెలు 509, నంద్యాల ఆత్మకూరుకు 518, నెల్లూరు ఆత్మకూరుకు 524. చివరి మూడంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసువి. అవి అమ్మమ్మనే ఫోన్ చేసి అడగమనండి.

కార్డు ఏ తేదీన డబ్బాలో వేశారో, ఏ తేదీన అందిందో పిల్లల డైరీలో రాయించి పంపండి. క్లాసులో గోడకు ఉమ్మడి పాలమూరు పటం పెట్టాం. అందిన ప్రతి కార్డుకూ ఆ ఊరి మీద ఒక పిన్ను గుచ్చుతాం. ‘సోల్ కర్రీ’ బాబు తన కార్డు అప్పుడే వేసేశాడు.